ఆకలి జాడీలు

ఆ ఆదివారం పొద్దున గొడవ ఒక దిండు గలేబు దగ్గర మొదలైంది.

ఉతికి ఆరేసిన బట్టలు మడతపెడుతూ లెక్క చూసుకున్నాను. తెల్లవి, పల్చటి నూలువి, ఎనిమిది ఉండాలి. ఏడే ఉన్నాయి. తక్కువైంది నాదే. నా వాటికి మూలన ఎర్రదారంతో చిన్న గుర్తు కుట్టుకుంటాను, ఒకరి తలనూనె ఇంకొకరి దిండుకి అంటకుండా.

"అత్తయ్యా, నా గలేబు ఒకటి కనబడటం లేదు. మీ గదిలోకేమైనా వచ్చిందా?" అన్నాను.

"నీ గలేబు నాకెందుకమ్మాయ్? నా తలకాయకి నా గలేబే ఎక్కువ."

"వచ్చిందేమో అన్నాను. మీరు తీశారనలేదు."

"ఆ రెండిటికీ తేడా నాకు తెలుసులే. నేనూ ఒకప్పుడు కోడల్నే."

మా ఆయన పేపరు దించకుండానే, "పోలీసు రిపోర్టు రాయించనా? పోయిన వస్తువు గుర్తులు: తెలుపు, నాలుగు మూలలు" అన్నారు.

"మీకు నవ్వులాటగానే ఉంటుంది. ఈ ఏడాదిలో ఇది మూడోది. మూడూ నావే. పైగా ఉతికినవి కాదు, విడిచిన బట్టల బుట్టలోంచి పోతున్నాయి."

"ఉతికినవి వదిలేసి మాసినవి ఎత్తుకెళ్ళే దొంగని ఇప్పుడే వింటున్నా" అన్నారాయన. అత్తగారు కిసుక్కున నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, కానీ నవ్వితే గలేబు సంగతి అక్కడితో పోతుందని నవ్వలేదు.

బల్ల చివర కూర్చున్న పిచ్చుక కూడా నవ్వలేదు. మామూలుగా అయితే ముందు నవ్వేది తనే. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని అందులోకే చూస్తోంది. ఒళ్ళంతా చెమటలు పోసే ఉక్కలో కూడా చొక్కా చేతులు మణికట్టు దాకా దించి బొత్తాం పెట్టుకుంది. చూశాను. కానీ నా బుర్రలో గలేబే ఉంది.

పిచ్చుక మా ఆడపడుచు. అసలు పేరు సర్టిఫికెట్లలోనే ఉంటుంది. చిన్నప్పుడు గింజలు ఏరుకున్నట్టు తినేదని ఇంట్లో ఆ పేరు పడిపోయింది. అన్నగారు మందుల దుకాణం పెట్టుకుంటే, చెల్లెలు పరిశోధన అంటూ మూడేళ్ళుగా ల్యాబ్‌కి తిరుగుతోంది. నేను పెళ్ళికి ముందు కెమిస్ట్రీ డిగ్రీ చదివాను కాబట్టి, ఆమె చెప్పేది వినే పని నాకు పడింది. నేను కూరలు తరుగుతుంటే, తను వంటగట్టు మీద కాళ్ళు ఊపుతూ కూర్చుని చెప్పేది.

ఆమె పనంతా ఒక రకం పురుగులతో. నల్లి జాతివే, కానీ మంచాల్లో దూరే నల్లులు కావు. బొటనవేలి గోరుకంటే పెద్దవి, ముదురు గోధుమరంగువి, పొడుగాటి ముక్కు పొట్ట కిందికి మడిచి పెట్టుకుంటాయి. రక్తం తప్ప ఇంకేదీ ముట్టవు. రక్తానికి ఎరుపునిచ్చే హీమ్ అనే పదార్థం, మధ్యలో ఇనుము ఉన్న చిన్న బిళ్ళలాంటి అణువు, కట్టుబడి ఉన్నంతసేపే మంచిది. విడిగా తిరిగితే విషం. రక్తం మీదే బతికే పురుగు ఆ విషాన్ని రోజూ కడుపులోకి దింపుకుంటుంది. అందుకని దాని ఒంట్లో తిరిగే ద్రవంలో ఒక ప్రోటీను ఉంటుంది. తప్పించుకు తిరిగే హీమ్‌ని పట్టుకుని మోసుకెళ్ళడమే దాని ఉద్యోగం. "ఆఖరికి గుడ్లలో దాస్తుంది వదినా. గుడ్లు కూడా గులాబీరంగులో ఉంటాయి" అనేది పిచ్చుక, మేనకోడలి ముచ్చట్లు చెప్పినట్టు.

ఆ ప్రోటీనుని మిగతా సవాలక్ష ప్రోటీన్ల నుంచి విడదీసి, ఏమీ మోయకుండా ఖాళీగా ఉన్నదాన్ని ఐదు మిల్లీగ్రాములు కమిటీ ముందు పెట్టాలి. పెడితే చదువు పూర్తవుతుంది. పెట్టకపోతే గైడ్ మేడమ్ ల్యాబ్‌లో ఆమె బల్ల ఇంకొకరికి ఇచ్చేస్తారు. మూడేళ్ళూ నీళ్ళపాలు. గడువు మూడు నెలలుంది.

విడదీసే పద్ధతి వినడానికి నాకు బాగుండేది. జానెడు గాజు గొట్టం నిలువుగా నిలబెడతారు. అందులో ఇసుక రేణువుల్లాంటి మెత్తని పూసలు నింపుతారు. ఒక్కో పూసకీ హీమ్ ముందే అతికించి ఉంటుంది. కాఫీ డికాషన్ రంగులో ఉంటుందట గొట్టమంతా. పురుగుల ఒంటి ద్రవాన్ని పైనుంచి పోస్తే, హీమ్‌తో పనిలేని ప్రోటీన్లన్నీ ఆగకుండా జారిపోతాయి. హీమ్ కోసం పుట్టింది మాత్రం పూసల్ని కరుచుకుని ఉండిపోతుంది. ఉప్పునీళ్ళతో కడిగి కడిగి, చివర్న ఆమ్లగుణం మార్చిన ద్రావణం పోస్తే అప్పుడు పట్టు వదిలి కిందికి దిగుతుంది. పక్కనే హీమ్ అతికించని ఉత్తపూసల గొట్టం ఇంకొకటి నిలబెడతారు, దానికి కూడా ఏదైనా అంటుకుంటే మన నమ్మకం తప్పని తెలియడానికి. నాకు నచ్చింది ఆ రెండో గొట్టమే.

"అంతా సరిగ్గానే చేస్తున్నా వదినా. మొత్తం జారిపోతోంది. నా ప్రోటీను కూడా జారిపోతోంది. రెండు నెలలుగా ఇదే వరస" అంది ఒకనాడు ఏడుపు మొహంతో.

"తిండి పెట్టిన ఎన్నాళ్ళకి తీస్తున్నావు ద్రవం?"

"నాలుగో రోజుకి. అప్పుడే ఎక్కువ ఊరుతుంది."

"అయితే నీ ప్రోటీన్లు అప్పటికే తలోటి మోస్తూ ఉంటాయి కదే. కడుపు నిండినవాణ్ణి మళ్ళీ కంచం ముందు కూర్చోబెడితే చెయ్యి కలుపుతాడా?"

ఊపుతున్న కాళ్ళు ఆగిపోయాయి.

"వాటిని కొన్నాళ్ళు మాడ్చి చూడు" అన్నాను, వంకాయ ముచ్చిక కోస్తూ. ఆ మాట నేనే అన్నాను. ఇంకెవరి మీదా పెట్టడానికి లేదు.

పురుగుల్ని పెంచే ఇరవై జాడీల్లో పదింటిని మూడు వారాలు మాడ్చింది. తర్వాత తీసిన ద్రవం గొట్టంలో పోస్తే, పైనుంచి వేలెడు మేర ఒక పట్టీలా పట్టుకుందట. కడిగినా కదల్లేదట. దించి, ప్రోటీన్లని విడివిడి గీతలుగా చూపించే జెల్ మీద పరీక్షిస్తే ఒకే ఒక్క గీత. ఉత్తపూసల గొట్టానికి ఏమీ అంటలేదు. ఆ సాయంత్రం పిచ్చుక వెనకనుంచి వచ్చి నన్ను వాటేసుకుంది. "రెండు మిల్లీగ్రాములు వదినా!" ఆమె చేతులు చల్లగా ఉన్నాయి. మెడ దగ్గర చర్మం కాగితంలా ఉంది. పని ఎక్కువై అలా అయిందనుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత మెట్లమీద పడిపోయింది.

మా ఆయన అప్పటికప్పుడు రక్తపరీక్ష చేయించి, కాగితం తీసుకొచ్చి బల్లమీద పెట్టారు. హీమోగ్లోబిన్ ఆరు పాయింట్ ఎనిమిది.

"ఇది చదువుకునే పిల్ల రక్తం కాదు, ప్రమాదంలో పడి లేచినవాళ్ళ రక్తం అన్నాడు డాక్టరు. ఎటు పోతోంది ఇదంతా?" అన్నారు. ఆయన గొంతు అలా వినడం నాకు అలవాటు లేదు.

అత్తగారు కూతురి పక్కన కూర్చుని, "తిండి లేదు, నిద్ర లేదు. ఆ దిక్కుమాలిన సంతానాన్ని సాకడంతోనే సరిపోయె దీనికి" అని చొక్కా చేతులు పైకి మడిచారు. మడిచి, ఆగిపోయారు.

మోచేతి లోపలివైపు నుంచి మణికట్టు దాకా గుండ్రాలు. ఒక్కో గుండ్రం జాడీ మూతంత. ఒక్కో గుండ్రంలో సూది మొనంత ఎర్రచుక్కలు, పది పన్నెండు. పాత గుండ్రాల మీద కొత్తవి. రెండో చెయ్యీ అంతే.

ఇంట్లో మాకు చెప్పింది వేరు. కుందేలు రక్తం తెప్పించి, వెచ్చబెట్టే యంత్రంలో పల్చటి పొరవెనక పోసి పెడతామని చెప్పింది. యంత్రం నిజమే. ఆ పురుగులు దాన్ని ఒక్కనాడూ ముట్టలేదు. మొదట్లో ఒక జాడీ చచ్చిపోతుంటే చూడలేక చెయ్యి పెట్టింది. వాటి పిల్లలకీ, పిల్లల పిల్లలకీ అదే అలవాటైంది.

"మీ మేడమ్‌కి తెలుసా?" అన్నారు మా ఆయన.

"తెలియదు. తెలిస్తే ఆపేయాలి కాబట్టి అడగరు."

డాక్టరు ఇకమీద బొట్టు రక్తం కూడా బయటికి పోకూడదన్నాడు. పన్నెండు రోజులు మంచం మీదే ఉంది. ఖర్జూరం, ఆకుకూర, ఇనుము బిళ్ళలు. మాట తక్కువ. నాకు వింతగా అనిపించిందొకటే. మధ్యాహ్నం రెండయ్యేసరికి పడుకున్న మనిషి లేచి కూర్చునేది. కళ్ళు మూసుకునే, మొహం తలుపువైపు తిప్పుకునేది. నేను కాసిని నీళ్ళిచ్చినా ఆ తిప్పిన మొహం ఇటు తిరిగేది కాదు. అర్ధగంట అలా ఉండి మళ్ళీ పడుకునేది.

పదమూడో రోజు ల్యాబ్ అటెండరు ఫోన్ చేశాడు. పెద్దాయన, ముప్పై ఏళ్ళ సర్వీసు. పిచ్చుక స్పీకర్ పెట్టి నన్ను కూడా వినమంది.

"ఇరవై జాడీలూ మాడుతున్నాయమ్మా. యంత్రం పెట్టా, ముట్టలేదు. కుందేలుని పట్టుకొచ్చి చెవి ఆనించా, మొహం చాటేశాయి. ఆఖరికి నా చెయ్యే పెట్టా. పైదాకా వచ్చి, వాసన చూసినట్టు చూసి, దిగిపోయాయి. నా వయసులో ఈ అవమానం ఒకటి మిగిలింది."

పిచ్చుక నవ్వబోయి దగ్గింది. ఫోన్ పెట్టేశాక నా చెయ్యి పట్టుకుంది.

"వదినా, ఒక్కసారి తింటే చాలు. ఈ పది పన్నెండు రోజుల్లో తింటేనే వాటి ఒంట్లో ద్రవం ఊరుతుంది. తర్వాత మూడు వారాలు మాడిస్తే ప్రోటీను ఖాళీ అవుతుంది. మిగిలిన మూడు మిల్లీగ్రాములూ వచ్చేస్తాయి, గడువులోపలే. అది దాటిందా, అంతే."

"చెయ్యి పెట్టేది లేదు."

"నేను పెట్టను. నువ్వు వెళ్ళి చూసి రా. నా పుస్తకం పట్టుకురా. అంతే కదా అడుగుతున్నాను?"

మర్నాడు వంట ముగించి, అత్తగారికి పక్కవీధిలో పనుందని చెప్పి వెళ్ళాను. రెండు కావస్తోంది.

ల్యాబ్ మూడో అంతస్తు. వసారా పొడుగునా తెల్ల తలుపులు, ఒక్కోదాని మీద ఒక్కో అంకె. మధ్యాహ్నపు ఎండ కిటికీల్లోంచి నేలమీద పలకలు పలకలుగా పడుతోంది. ఎక్కడో సెంట్రిఫ్యూజ్ యంత్రం గిర్రున తిరుగుతూ సన్నగా ఈల వేస్తోంది. అటెండరు తాళం తీసి పక్కకి జరిగాడు.

చిన్న గది. లోపల వెచ్చగా, తేమగా ఉంది, పసిపిల్ల పడుకుని లేచిన పక్కలాగా. మూడు అరల్లో ఇరవై గాజు జాడీలు. ఒక్కోదాంట్లో ముడతలు ముడతలుగా మడిచిన కాగితం, పురుగులు ఎక్కడానికి, దాక్కోడానికి. పైన గుడ్డ, గుడ్డకి రబ్బరు బ్యాండు.

కళ్ళు వెలుగుకి అలవాటు పడ్డాక ఆ గుడ్డలు చూశాను. పల్చటి తెల్లనూలు. రెండో అరలో నాలుగో జాడీ గుడ్డ అంచున ఎర్రదారం గుర్తు ఉంది.

అప్పుడు చప్పుడు మొదలైంది. ఎండుటాకుల మీద చినుకులు పడుతున్నట్టు, సన్నగా, పొడిగా. కాగితం ముడతల వెనకనుంచి ఒక్కొక్కటే బయటికి వస్తున్నాయి. తిండి లేక పొట్టలు అట్టముక్కల్లా పల్చబడి ఉన్నాయి. గాజు దాకా వచ్చి ఆగాయి. అన్నీ ఒకేవైపు.

అటెండరు గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, మీరు కాస్త కిటికీవైపు జరగండి."

జరిగాను. చప్పుడు. అవీ జరిగాయి.

"ఇప్పుడు తలుపువైపు."

జరిగాను. ఇరవై జాడీల్లోనూ చిన్న చిన్న తలలు నెమ్మదిగా తలుపువైపు తిరిగాయి.

"పదమూడు రోజులుగా కాగితం వెనకనుంచి పిలిచినా రాలేదు" అన్నాడాయన మెల్లిగా. "నేను టీ తాగొస్తాను." వెళ్ళిపోయాడు. తలుపు దగ్గరికి వేశాడు గానీ మూయలేదు.

భయపడ్డానా అంటే, పడ్డాను. కానీ భయం వేసినప్పుడు నాకు లెక్కలు సరిచూసుకోవాలనిపిస్తుంది. పిచ్చుక పుస్తకం తీసుకుని బల్ల దగ్గర కూర్చున్నాను. పక్కనే ఆ గొట్టాలు రెండూ నిలబడి ఉన్నాయి, ఒకటి డికాషన్ రంగులో, ఒకటి తెల్లగా.

ఎనిమిది రోజులకొకసారి పెడతానని మంచం మీద చెప్పింది. పుస్తకంలో నాలుగు రోజులకొకసారి ఉంది. "ఎడమ, ఆరు జాడీలు." "కుడి, ఏడు." వేళ ఎప్పుడూ మధ్యాహ్నం రెండు. ఒక్కో పురుగు పావు మిల్లీలీటరు తాగుతుందని అంచులో రాసుకుంది. జాడీకి పన్నెండు పురుగులు, ఇరవై జాడీలు, నెలకి ఏడుసార్లు. గుణించి చూసి పెన్సిల్ పక్కన పెట్టాను. పది జాడీలు మాడ్చిన మూడు వారాల్లో రాత ఇంకో రకంగా ఉంది. పరిశోధన పుస్తకంలో రాసే మాటలు కావవి. "ఇటుపక్క పదీ నిండుగా ఉన్నా నన్ను చూసి ఊరుకోవడం లేదు." ఇంకో చోట, "వెళ్ళొస్తానని చెప్పకుండా వస్తే రాత్రంతా చప్పుడు చేస్తాయని అటెండరు అన్నాడు."

వెనక్కి తిప్పితే, ఏడాదిన్నర కిందటి పేజీ దొరికింది.

"కొత్త గుడ్డ: పైకి రాలేదు. ఉతికిన గలేబు: రాలేదు. వదిన గలేబు, ఉతకనిది: వెంటనే."

దాని కింద ప్రతిసారీ అదే. నా గుడ్డ, తన చెయ్యి. నా గుడ్డ, తన చెయ్యి. ఇప్పుడున్న పురుగుల్లో ఒక్కదానికీ నా వాసన లేకుండా తిన్న పూట లేదు.

అర్థమైంది కాబట్టి భయం తగ్గాలి. అలవాటు చేసిన కుక్క గిన్నె చప్పుడుకి రావడం లేదా? అలాగే ఇవీ. మరి మొదటిసారి, ఏ అలవాటూ లేకముందు, వెంటనే ఎందుకొచ్చాయి? ఆ ప్రశ్న పుస్తకంలో లేదు. పిచ్చుక అడగలేదో, అడిగి రాయలేదో.

సరిచూసుకోడానికి ఒకటే దారి. ఎర్రగుర్తు ఉన్న జాడీ కాకుండా, కింది అరలోంచి వేరేది తీశాను. పైన నా గలేబు ముక్క తీసేసి, సొరుగులో ఉన్న కొత్త గాజుగుడ్డ కట్టాను. చేతులు సబ్బుతో మోచేయి దాకా రెండుసార్లు కడుక్కున్నాను, వాసన పోయేట్టు. జాడీ బోర్లించి ఎడమచేతి మీద ఆనించాను. రాకపోతే గుడ్డదే మహిమ. లేచి ఇంటికి వెళ్ళి, ఇక కుదరదే పిచ్చుకా అని చెప్పేస్తాను.

పన్నెండూ వచ్చాయి. తొక్కిసలాట లేదు. గుండ్రంగా సర్దుకుని, మడిచిన ముక్కులు విప్పి ఆనించాయి.

నొప్పి లేదు. అది నేను అబద్ధం చెప్పడం లేదు. ఎవరో పసివేళ్ళతో చెయ్యి తడిమినట్టుంది. పల్చటి పొట్టలు కొంచెం కొంచెంగా ఉబ్బుతున్నాయి, వెలుగుకి పట్టి చూస్తే ముదురు ఎరుపు. నేను ఊపిరి పీల్చినప్పుడల్లా అవి అన్నీ కలిసి కొంచెం పైకి లేచి దిగుతున్నాయి. లేక వాటితో పాటు నేను పీలుస్తున్నానో. సెంట్రిఫ్యూజ్ ఈల ఎప్పుడు ఆగిందో తెలియదు. వీధిలో ఎవరో నన్ను పిలిచినట్టనిపించింది, నా అసలు పేరుతో. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో ఆ పేరు గ్యాస్ పుస్తకం మీద తప్ప వినలేదు నేను. తల తిప్పి చూడాలనిపించలేదు.

ఒక్కొక్కటే వదిలి, నిండుగా, బరువుగా, వెనక్కి కాగితం మీదికి వెళ్ళిపోయాయి. జాడీ తీసి గడియారం చూశాను. ఐదు నిమిషాలయిందనుకున్నాను. మూడుంబావు.

మిగతా పంతొమ్మిది జాడీల్లోవి గాజుకి ఆనుకుని ఇటే చూస్తున్నాయి. చప్పుడు లేదు. అంత నిశ్శబ్దం మా ఇంట్లో నేను వడ్డిస్తున్నప్పుడు కూడా ఉండదు.

"మళ్ళీ వస్తాను" అన్నాను పైకే. గదిలో ఎవరూ లేరు.

సాయంత్రం భోజనాల దగ్గర నలుగురం కూర్చున్నాం. పిచ్చుక మొదటిసారి మంచం దిగి బల్ల దగ్గరికి వచ్చింది. మా ఆయన ఇంకా చెయ్యి కలపకుండానే మొదలుపెట్టారు.

"మీ మేడమ్‌కి ఫోన్ చేశాను. ఆరోగ్యం బాలేదు, మానేస్తోందని చెప్పాను. రేపు కాగితం రాసి పంపు."

"అన్నయ్యా!"

"అన్నయ్యే. అందుకే చెప్తున్నా. మూడేళ్ళు పోతే పోయాయి. మనిషి పోతే?"

"ఆ పురుగుల్ని సలసలా కాగే నీళ్ళు పోసి చంపి పారేయమను. కన్నకూతురి రక్తం తాగే వాటికి చదువేంటి, సంధ్యేంటి" అన్నారు అత్తగారు. "పుట్టినప్పుడు రెండు కిలోలుంది ఇది. ఈ మాత్రం చెయ్యడానికి నాకెన్నేళ్ళు పట్టిందో వాటికేం తెలుసు?"

పిచ్చుక ఏడవలేదు. కంచంలోకి చూస్తూ, "ఇంకో మూడు మిల్లీగ్రాములే అమ్మా" అంది. "ఒక్కసారి తింటే చాలు."

"ఇదిగో, మళ్ళీ అదే పాట. నీకు జబ్బు రక్తంలో కాదే, బుర్రలో" అని మా ఆయన గ్లాసు టక్కున పెట్టారు. నీళ్ళు బల్లమీద ఒలికాయి.

నేను గుడ్డ తెచ్చి నీళ్ళు తుడిచాను. ఎడమచేత్తో తుడిచాను. ఇంట్లో నా చేతులవైపు ఎవరూ చూడరు కాబట్టి ముగ్గురిలో ఒక్కరే చూశారు.

"వదినా" అంది పిచ్చుక.

ఆమె మొహంలో సంతోషం వస్తుందనుకున్నాను. పోనీ, భయం వస్తుందనుకున్నాను. అవేవీ కావు. చిన్నపిల్ల తన బొమ్మ ఇంకొకరి ఒళ్ళో చూసినట్టు చూసింది.

"వచ్చాయా? నీ దగ్గరికి వచ్చాయా?"

"ఒక్క జాడీ పెట్టాను. పన్నెండూ వచ్చాయి."

"గలేబు వేసి పెట్టావా?"

"తీసి పెట్టాను. చెయ్యి కడుక్కుని."

"నాకు మొదట్లో గంటలు గంటలు పట్టేది" అంది పిచ్చుక, ఎవరితోనో చెప్పుకుంటున్నట్టు.

అప్పటికి మా ఆయనకి అర్థమైంది. కుర్చీ వెనక్కి నెట్టి లేచారు. "నీకు పిచ్చి గానీ పట్టిందా? దాన్ని ఆపుదామని నేను చూస్తుంటే..."

"కూర్చోండి. అన్నం ముందునుంచి లేవకండి" అన్నాను. "దాని రక్తం ఆరు పాయింట్ ఎనిమిది. నాది పన్నెండున్నర, పోయిన నెల మీరే చూశారు. రోజుకి రెండు జాడీలు, పది రోజులు. మొత్తం కలిపినా మనిషి దానం చేసే రక్తంలో ఐదో వంతు రాదు. వారం వారం మీరే పరీక్ష చేయించండి. పదకొండు కిందికి దిగితే ఆపేస్తాను."

"ఆపేస్తావా?" అన్నారు అత్తగారు నా మొహంలోకి వెతికినట్టు చూస్తూ. "ఇదీ ఒక్కసారి చాలనే అంటోందమ్మాయ్."

తెలియనిదానికి నేను మాటివ్వను. కంచాల్లో చల్లారిపోతున్న కూర ముందుకి జరిపాను.

"మేడమ్‌కి రేపు మళ్ళీ ఫోన్ చేయండి. పిచ్చుక మానడం లేదని చెప్పండి. పిచ్చుకా, నువ్వు మాత్రం ఆ గదిలో అడుగు పెట్టకు. గొట్టం దగ్గరే ఉండు, ద్రవం నీ దగ్గరికే వస్తుంది. చెప్పింది విన్నావా?"

పిచ్చుక తల ఊపింది. ఊపినట్టే కనబడింది.

"రేపటినుంచి మధ్యాహ్నం వంట నేను పన్నెండున్నరకల్లా ముగించేస్తాను" అన్నాను అందరితో. "ఎవరికి కావలసింది వాళ్ళు వడ్డించుకోండి. రెండింటికి నేనక్కడ ఉండాలి. అవి చూస్తుంటాయి."